నిమ్మచెట్టు మొదట్లో తడి

డెబ్భై అయిదో సంవత్సరం జనవరి నెలాఖరులో, విజయవాడ పటమటలో మాణిక్యం ఇంటి పెరట్లో నిమ్మచెట్టు ఆకులు పసుపెక్కడం మొదలుపెట్టాయి. మొదట కింది కొమ్మల్లో నాలుగైదు. అవి రాలిపోతే ఆమె పట్టించుకోలేదు. వారం తిరిగేసరికి పై కొమ్మలకి కూడా పాకింది. ఆకు నడిమి ఈనె పసుపు రంగుకి తిరిగి, అంచులు లోపలికి ముడుచుకుని, మిట్టమధ్యాహ్నం చూస్తే చెట్టంతా నీళ్ళకి మొహం వాచినట్టు వేలాడుతోంది.

మాణిక్యం మునిసిపల్ బాలికల హైస్కూల్లో ప్రకృతిశాస్త్రం టీచరు. పద్దెనిమిదేళ్ళ సర్వీసు. ఆ మొక్కని నాలుగేళ్ళ కిందట వ్యవసాయ ప్రదర్శనలో కొని, సిటీ బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. తరగతిలో ఆకుల పాఠం వచ్చినప్పుడల్లా ఆ చెట్టు ఆకులే పట్టుకెళ్ళేది. ఆకుని వెలుగుకి ఎదురుగా పెడితే సూదిమొనలంత చుక్కలు కనిపిస్తాయి. వాసనంతా ఆ చుక్కల్లోనే ఉంటుందని పిల్లలకి చూపించి, నలిపి వాసన చూడమనేది. కిందటి వేసవిలో మొదటి కాపు కాసింది. స్టాఫ్ రూములో తలా రెండు కాయలు పంచి, పది రోజులపాటు ఆ చెట్టు సంగతే చెప్పుకుంది.

అలాంటి చెట్టుకి జబ్బు చేస్తే ఆమె ఊరుకుంటుందా? పాత నోటుబుక్కు ఒకటి తీసి, రోజూ ఎన్ని ఆకులు పసుపెక్కాయో, ఎన్ని రాలాయో రాయడం మొదలెట్టింది. ఆకుల వెనక తిప్పి చూసి, పక్షి రెట్టలా కనిపించే గొంగళిపురుగుల్ని ఏరి పారేసింది. పొగాకు కషాయం కాచి చల్లింది. వేపపిండి వేసింది. నాలుగు ఆకులు కాగితంలో మడిచి వ్యవసాయాఫీసుకి పట్టుకెళ్తే, అక్కడి ఉద్యోగి కిటికీ దగ్గరకెళ్ళి చూసి, జింకు లోపమన్నాడు. జింకు సల్ఫేటు నీళ్ళలో కలిపి రెండుసార్లు పిచికారీ చేసింది. చెట్టు ఇంకాస్త పసుపెక్కింది.

ఇంట్లో ముగ్గురే ఉంటారు. కూతురు గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. భర్త రామకోటేశ్వరరావుకి ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఉంది. పొద్దున్నే వెళ్తే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే రావడం. మూడో మనిషి అతని తల్లి సీతారావమ్మ. కూచిపూడి దగ్గర పల్లెలో ఎనిమిదెకరాల సేద్యాన్ని గట్టుమీద నిలబడి నడిపించిన మనిషి. మామగారు పోయాక భూమి కౌలుకిచ్చి, రెండేళ్ళ కిందట కొడుకు దగ్గరికి వచ్చేసింది. అత్తాకోడళ్ళ మధ్య తగువులేం లేవు, అలాగని కబుర్లూ లేవు. ఒకరి పనికి ఒకరు అడ్డం రాకుండా, సత్రంలో ఇద్దరు మర్యాదస్తుల్లా కాలం గడుపుతున్నారు.

ఫిబ్రవరి మధ్యలో ఒక సాయంత్రం మాణిక్యం చెట్టు మొదట్లో వేళ్ళు గుచ్చి చూసింది. తాను నీళ్ళు పోసి మూడు రోజులైంది. అయినా మట్టి బురదబురదగా ఉంది. ఆమెకి కారణం దొరికినట్టే అయింది. ప్రహరీగోడకి అవతల శౌరయ్య ఇల్లు. వాళ్ళ స్నానాల నీళ్ళు గోడ వారనే కాలవగా పారుతాయి. సబ్బునీళ్ళు గోడ కిందనుంచి ఊరి తన చెట్టు వేళ్ళని తింటున్నాయని ఆమె నిశ్చయించుకుంది.

శౌరయ్య గుణదలలో ఒక కాన్వెంటు బడిలో తోటమాలి. అరవైకి దగ్గరపడ్డ మనిషి. గోడ పక్కన అంత అనుభవమున్న తోటమాలిని పెట్టుకుని, ఆకులు పట్టుకుని ఆఫీసుకెళ్ళింది గాని, అతన్నొక మాట అడగాలని మాణిక్యానికి తోచనే లేదు. ఇప్పుడు మాత్రం గోడ దగ్గరికి పిలిచి, మీ కాలవ వల్ల మా చెట్టు చచ్చిపోతోందని గట్టిగానే చెప్పింది. వేళ్ళు ఎలా కుళ్ళుతాయో పాఠం కూడా చెప్పింది. అతను తలపాగా తీసి చేత్తో పట్టుకుని అంతా విన్నాడు. చూస్తానండి అన్నాడు. ఆ ఆదివారం అతనూ భార్యా పగలంతా కష్టపడి, కాలవని గోడకి దూరంగా తిప్పి వీధి మురుగులో కలిపారు.

పన్నెండు రోజులు గడిచాయి. చెట్టులో మార్పు లేదు. ఆకులు సగానికి సగం రాలిపోయాయి. మళ్ళీ ఆదివారం, చర్చినుంచి ఇంటికి వచ్చాక శౌరయ్య తనంత తానుగా వీళ్ళ గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. చేతిలో చిన్న గునపం ఉంది.

"టీచరుగారూ, మీరేమనుకోకపోతే ఒకసారి మొదలు చూస్తానండి."

ఆమె పక్కకి జరిగి దారి ఇచ్చింది. అతను గొంతుక్కూర్చుని చేతులతోనే మట్టి తీశాడు. కుళ్ళిన వాసన గుప్పుమంది. చిటికెనవేలంత వేరు ఒకటి పట్టుకుని లాగితే, పైతోలు తడిసిన కాగితంలా జారి చేతిలోకి వచ్చింది. కాండం మీద, మట్టికి జానెడు ఎత్తున, జిగురు బొట్లుబొట్లుగా కారి ఉంది. ఇంకో పక్క గునపంతో మూరెడు లోతు తవ్వి, అడుగు మట్టిని పిడికిట్లో నొక్కి ఆమెకి చూపించాడు. అది ముద్ద కాలేదు.

"ఆకుల్లో ఏం లేదండి, జబ్బంతా ఇక్కడుంది. నీళ్ళెక్కువై వేళ్ళు కుళ్ళినాయి. కిందనుంచి ఊరిన నీళ్ళయితే అడుగు మట్టి ఎక్కువ తడిగా ఉండాలి. ఇక్కడ పైనంతా బురద, లోపలికెళ్తే ఆరినట్టుంది. ఇవి పైనుంచి పోసిన నీళ్ళండి. రోజుకెన్నిసార్లు పోస్తున్నారు?"

నాలుగు రోజులకోసారని మాణిక్యం చెప్పింది. అతను నమ్మినట్టు లేదు గాని, కాదనలేదు. వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న సీతారావమ్మ అక్కణ్ణుంచే అంది, దానికి అసలు నీళ్ళే పోయడం లేదు, అందుకే అలా వాడిపోయిందని. ఆ మాట తనని దెప్పడానికే అన్నట్టు తోచి మాణిక్యం మొహం ముడుచుకుంది. ఒక మనిషిని అన్యాయంగా అన్నానే అన్న సిగ్గు ఒకవైపు, అత్తగారి మాట ఒకవైపు. శౌరయ్యకి క్షమించమని చెప్పాలనుకుంటూనే, కాఫీ తాగి వెళ్ళమని మాత్రం అనగలిగింది.

మార్చిలో ఒంటిపూట బళ్ళు మొదలయ్యాయి. పన్నెండున్నరకల్లా మాణిక్యం ఇంటికి వచ్చేస్తోంది. మొదటిరోజు అన్నం తిని, ముందుగదిలో చాప వేసుకుని నడుం వాల్చింది. కన్ను మూతపడుతుండగా పెరట్లో చేతిపంపు కీచుమంది. తర్వాత నీళ్ళు పడ్డ చప్పుడు. గిన్నెలు కడుక్కుంటున్నారేమో అనుకుంది. అరగంటకి మళ్ళీ పంపు. మరి కాసేపటికి మళ్ళీ. ఈసారి లేచి వంటింటి కిటికీలోంచి చూసింది.

సీతారావమ్మ రెండు చేతులతో బకెట్టు పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ వచ్చి, నిమ్మచెట్టు మొదట్లో నెమ్మదిగా ఒంపుతోంది. ఒంపడం అయ్యాక ఒక కొమ్మని చేత్తో పైకెత్తి, వేలాడుతున్న ఆకుల్ని చూసి, అయ్యో అన్నట్టు తల తిప్పింది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళదాకా తడిసి ఉన్నాయి. ఆమె కాళ్ళు బురదలో ఉన్నాయి.

మాణిక్యం బయటికి వచ్చి, ఇందాకే పోశారు కదా అత్తయ్యా అంది.

"ఎక్కడ పోశానమ్మా? పొద్దుట్నుంచీ దీనికి చుక్క నీళ్ళు లేవు. చూడు ఎలా వాడిపోయిందో. నువ్వు బడికెళ్తే దీని సంగతెవరు చూస్తారు?"

ఆ గొంతులో వెటకారం లేదు. అబద్ధమూ లేదు. నిజంగా ఎండిపోతున్న చెట్టుమీద జాలితో అన్న మాట అది. ఆ సాయంత్రంలోగా పంపు ఇంకో రెండుసార్లు మోగింది.

వేళ్ళు కుళ్ళిన చెట్టుకి మట్టినిండా నీళ్ళున్నా తాగే శక్తి ఉండదు. అందుకని దాహమైన చెట్టులాగే వాడి కనిపిస్తుంది. వాడిందని ఆవిడ పోస్తుంది. పోసిన సంగతి మరిచిపోతుంది. మళ్ళీ వాడి కనిపిస్తుంది. టీచరుకి ఆ లెక్క అర్థం కావడానికి క్షణం పట్టలేదు. అర్థమయ్యాక గుమ్మంలోనే కూర్చుండిపోయింది. ఏడాదిగా తాను చూస్తూ ఇంకోలా అనుకున్నవన్నీ ఒకటొకటే గుర్తుకొచ్చాయి. పులుసులో ఉప్పు రెండుసార్లు పడటం. తాళంచెవి పప్పు డబ్బాలో దొరకడం. పక్కవీధి పెళ్ళికి వెళ్ళొచ్చిన మర్నాడే, మనల్ని పిలవలేదేమని అడగడం. అవన్నీ అత్తగారి పెడసరమని, తనమీద అయిష్టమని జమకట్టుకుంది. చెట్టుకి ఎన్ని ఆకులు రాలాయో రోజూ రాసుకున్న మనిషి, ఇంట్లో మనిషిని మాత్రం అంత శ్రద్ధగా చూడలేదు.

ఆ సాయంత్రం భర్తకి చెప్తే అతను ఒప్పుకోలేదు. మా అమ్మకి మతి తప్పడమేమిటి, ఊళ్ళో ఎవరి పొలం ఎన్ని సెంట్లో ఇప్పటికీ నోటికి చెప్తుందన్నాడు. అది నిజమే. ముప్ఫై ఏళ్ళనాటి గట్టు తగాదాలు ఆవిడ పూసగుచ్చినట్టు చెప్తుంది. పొద్దున ఏం జరిగిందో మాత్రం చెప్పలేదు. అతను చాలాసేపు పెరట్లో అటూ ఇటూ తిరిగి, చివరికి తనకి తెలిసిన ఉపాయం చేశాడు. మర్నాడు షెడ్డునుంచి గొలుసూ తాళం తెచ్చి పంపు చేతికి వేశాడు. పొద్దున ఇంటికి కావలసిన నీళ్ళు పట్టుకుని తాళం వేసెయ్యమని, నీళ్ళు లేకపోతే చెట్టూ బతుకుతుంది, ఆవిడకీ శ్రమ తప్పుతుందని అన్నాడు. మాణిక్యానికి ఆ పని నచ్చలేదు. కానీ వద్దని గట్టిగా అనలేదు.

మూడోరోజు ఆమె బడినుంచి వచ్చేసరికి ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. అత్తగారు లేదు. గూట్లో ఇత్తడి బిందె లేదు. పేరు పెట్టి పిలవలేక, అత్తయ్యా, అత్తయ్యా అంటూ వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, ఎటు పోవాలో తోచక గేటు దగ్గర నిలబడిపోయింది. ఆటోనగర్ వెళ్ళి భర్తకి చెప్పడమా, ఇక్కడే వెతకడమా? ఎండ మాడ్చేస్తోంది. ముప్పావుగంట అలాగే వీధుల్లో తిరిగింది.

అప్పుడు బందరురోడ్డు వైపునుంచి శౌరయ్య వస్తూ కనిపించాడు. ఒక చేత్తో సైకిలు నడిపిస్తున్నాడు. సైకిలు వెనక బిందె కట్టి ఉంది. రెండో చెయ్యి పట్టుకుని సీతారావమ్మ నడుస్తోంది. తలమీద అతని తలపాగా గుడ్డ కప్పి ఉంది. పెద్దకాలవ వంతెన దగ్గర, గట్టు దిగే మొదటి మెట్టుమీద నిలబడి ఉంటే, పనినుంచి వస్తున్న అతను చూశాడట. ఎంతసేపటినుంచి నిలబడిందో తెలియదని, పిలిస్తే వెంటనే వచ్చిందని చెప్పాడు. వేసవికి కాలవ ఇంకా కట్టెయ్యలేదు, నీళ్ళు నిండుగా ఉన్నాయని మాత్రం గొంతు తగ్గించి అన్నాడు. మాణిక్యం అతనికి దణ్ణం పెట్టింది. మొన్న స్నానాల నీళ్ళ విషయంలో తొందరపడి అన్నానని, తప్పు తనదేనని అప్పుడు చెప్పగలిగింది. అతను ఆ మాటని అక్కడే తుంచేసి, ముందు పెద్దావిడకి మజ్జిగ ఇవ్వండన్నాడు.

మజ్జిగ తాగాక సీతారావమ్మ వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది. మాణిక్యం చెంబుతో నీళ్ళు తెచ్చి ఆవిడ కాళ్ళు కడిగింది. పెళ్ళైన ఇరవై రెండేళ్ళలో వాళ్ళిద్దరూ అంత దగ్గరగా కూర్చోవడం అదే మొదలు. ముసలావిడే ముందు మాట మొదలెట్టింది.

"దారి తప్పాననుకున్నాడాయన. దారి నాకు తెలుసు. బిందె ఎందుకు పట్టుకొచ్చానో అదే తెలియలేదు. ఆ మెట్టుమీద నిలబడి ఎంత ఆలోచించినా రాలేదే అమ్మాయ్."

"ఎప్పట్నుంచి ఇలా అవుతోంది అత్తయ్యా?"

"ఊళ్ళో ఉన్నప్పట్నుంచే. మీ మావయ్య ఉండగా నాకు మాట అందించేవాడు. ఆ పని అయిపోయింది సీతా, తాళం బొడ్లోనే ఉంది సీతా అని. పైవాళ్ళకి తెలియనిచ్చేవాడు కాదు. ఇక్కడికొచ్చాక అందించేవాళ్ళు లేరు."

"నాకు చెప్పొచ్చుగా."

"ఎలా చెప్పను? నువ్వు పదిమందికి చదువు చెప్పేదానివి. నీ ముందు తెలివితక్కువదానిలా కనపడటం నాకిష్టం లేకపోయింది."

మాణిక్యం తన మనసులో ఉన్నదీ చెప్పేసింది. పులుసులో ఉప్పు ఎక్కువైతే, నామీద కోపంతో వేశారనుకున్నానని. సీతారావమ్మ తలెత్తి కోడలి మొహంలోకి చూసింది. పెదాల చివర నవ్వులాంటిది కదిలింది.

"కోపమొస్తే ఉప్పెందుకు వేస్తానే? నోరుందిగా నాకు."

తర్వాత ఆవిడ పెరటివైపు చూస్తూ అడిగింది, ఆ చెట్టుకి నేనే నీళ్ళు పోసి చంపానా అని. కాదని చెప్పడం తేలికే. కానీ ఆవిడ నిజం తెలుసుకోవాలనే అడిగింది. నీళ్ళు ఎక్కువయ్యాయి, ఇంకా చావలేదు, శౌరయ్యగారిని అడుగుదామని మాణిక్యం చెప్పింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చిన రామకోటేశ్వరరావు జరిగినదంతా విని, చొక్కా కూడా విప్పకుండా పెరట్లోకి వెళ్ళి గొలుసు తీసేశాడు. దాన్ని చేతికి చుట్టుకుని, వాళ్ళకి వీపు పెట్టి చాలాసేపు పంపుగట్టు మీద కూర్చున్నాడు.

ఆదివారం శౌరయ్య వచ్చి చెట్టుకి వైద్యం చేశాడు. కుళ్ళిన వేళ్ళన్నీ మంచి కండ కనిపించేదాకా కోసేశాడు. మైలుతుత్తం, సున్నం కలిపి కాండానికి, కోసిన చోట్లకి పూశాడు. బురద మట్టి తీసేసి ఇసుక కలిపిన పొడిమట్టి పోసి, మొదలు చుట్టూ దిబ్బలా ఎత్తు చేశాడు. పోయినన్ని వేళ్ళు పోయాక ఇన్ని కొమ్మల్ని మొయ్యలేదని కొమ్మలు కూడా మూడోవంతు కత్తిరించాడు. పదిహేను రోజులు చుక్క నీళ్ళు తగలకూడదన్నాడు.

కానీ ఆ చుక్క పోసే చేతుల్ని ఏం చెయ్యాలి? మాణిక్యం ఆ వారమంతా అదే ఆలోచించింది. పొద్దు పొడిచిందగ్గర్నుంచి పొలం తడిపిన మనిషిని కుర్చీలో కూర్చోబెడితే ఊరుకోదు, ఊరుకోమనడం న్యాయమూ కాదు. బుధవారం ఆమె మార్కెట్టునుంచి వీశెడు చేమదుంపలు, శౌరయ్య దగ్గర్నుంచి నాలుగు అరటి పిలకలు తెచ్చింది. పంపునుంచి మురుగు పోయే పల్లపు చోటంతా తవ్వి, పిలకలు నాటి, దుంపలు పాతబోతుంటే సీతారావమ్మ వచ్చి పక్కన నిలబడింది.

"అంత లోతు వద్దు. కన్ను పైకి పెట్టు. జానెడెడం ఏం చాలుతుంది, మూరెడు ఉండాలి. చేమకి కాళ్ళెప్పుడూ తడిగా ఉండాలి, తెలుసా?"

తెలియదు, మీరే చెప్పండంది మాణిక్యం. నిజంగానే ఆమెకి తెలియదు. ఆవిడ చీర ఎగ్గట్టి కిందకూర్చుని మిగతా దుంపలన్నీ తనే పాతింది. చేతులు ఎక్కడా తడబడలేదు. ఆ రోజునుంచి ఆవిడ బకెట్టు నింపుకున్నప్పుడల్లా, ఇటు పోయండత్తయ్యా అని మాణిక్యం అందించేది. నిమ్మచెట్టు చుట్టూ రామకోటేశ్వరరావు షెడ్డులో ఇనపచువ్వలు వంచి, నడుమెత్తు దడి కట్టించి తెచ్చి పాతాడు. దడి అడ్డం వచ్చినప్పుడు ఆవిడ ఆగి, చుట్టూ చూసి, చేమల వైపు తిరిగేది. రోజుకి పదిసార్లు పోసినా వాటికి సరిపోయేది.

ఏప్రిల్లో ఆవిడని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. పోయిన జ్ఞాపకాన్ని తెచ్చే మందులేమీ లేవని, ఎప్పుడూ ఒక మనిషి కనిపెట్టుకుని ఉండాలని ఆయన చెప్పాడు. నిమ్మచెట్టు మూడు పెద్దకొమ్మల్లో రెండు మేనెలలో ఎండిపోయాయి, రంపంతో కోసేశారు. మూడోదానికి తొలకరి వానలు పడ్డాక గోరంత ఎర్రటి చిగుళ్ళు వచ్చాయి. ఆ యేడు కాయ కాయలేదు.

జూన్లో బళ్ళు పూర్తిపూట తెరిచేసరికి అసలు చిక్కు వచ్చింది. మాణిక్యం సెలవు పెడతానంది. రామకోటేశ్వరరావు ఒక పూటంతా ఆలోచించి, ఆ అవసరం లేదు, మధ్యాహ్నం భోజనానికి నేనే వస్తాను, నాలుగింటిదాకా ఉంటానన్నాడు. పొద్దుటిపూట శౌరయ్య భార్య, మార్చినుంచీ చూస్తున్నట్టే, గోడ మీదుగా కనిపెట్టి ఉండేది. మొదట్లో రామకోటేశ్వరరావుకి ఓర్పు ఉండేది కాదు. అడిగిందే అడుగుతుంటే విసుక్కుని, మళ్ళీ తనే బాధపడి, వీధిలోకి వెళ్ళి నిలబడేవాడు.

జూలైలో ఒక శనివారం మాణిక్యం తొందరగా ఇంటికి వచ్చింది. వసారాలో తల్లీకొడుకులు విస్తళ్ళ ముందు కూర్చుని ఉన్నారు. తలుపు పక్కనే చెప్పులు విప్పుతూ ఆమె విన్నది.

"కాలవలకి నీళ్ళొదిలారంటరా?"

"వదిలారమ్మా."

"అయితే నారుమడి దున్నించాలి."

"దున్నిస్తున్నారమ్మా."

ఆవిడ రెండు ముద్దలు తిన్నది. పెరట్లోకి చూసింది. మళ్ళీ కొడుకువైపు తిరిగింది.

"కాలవలకి నీళ్ళొదిలారంటరా?"

రామకోటేశ్వరరావు మజ్జిగ గిన్నె ఆవిడ దగ్గరికి జరిపి, ఆ మాట మొదటిసారి విన్నట్టుగానే, వదిలారమ్మా, నిన్ననే వదిలారన్నాడు.